బెల్‌గ్రేడ్ తాళంచెవి

పోచంపల్లిలో బస్సు దిగి తాజుద్దీన్ మాస్టారి ఇల్లెక్కడ అని అడిగితే జనం కాసేపు బుర్ర గోక్కుంటారు. బెల్‌గ్రేడ్ సార్ ఇల్లేది అని అడిగి చూడండి, చంకలో పిల్లవాడు కూడా వేలు చూపిస్తాడు. బడిలో సోషల్ చెప్పిన రోజుల్లో ఆయన ఏ పాఠం ఎత్తుకున్నా బండి చివరికి ఆ ఊరి దగ్గరే ఆగేది. అశోకుడు కళింగ మీదికి దండెత్తి పోతుంటే నడిదారిలో ఆపేసి, "గిదేం లడాయిరా! యూరప్‌ల బెల్‌గ్రేడ్ అని ఒక రాజధాని ఉన్నది. దాని మీద ఎన్ని లడాయిలైనయో తెలిస్తే మీ అశోకుడు ఇంట్లకెళ్లి బయటికే రాకపోవు" అనేవాడు. పరీక్షల్లో ఆ ఊరి మీద ఒక్క ప్రశ్న కూడా ఏనాడూ రాలేదు. అది ప్రశ్నలు రాసేవాళ్ళ ఖర్మ అని ఆయన నిశ్చితాభిప్రాయం.

ఎందుకింత పిచ్చి అని ఎవరన్నా అడిగితే ఆయన భార్య లాడ్లీ బేగం జవాబు చెప్పేది. "ఒకరికి బీడీ, ఒకరికి కల్లు. మా మాస్టర్ సాబుకు బెల్‌గ్రేడ్. కడుపు పాడుగాదు, ఇల్లు గుల్లగాదు. పోనీ అని ఊకున్న."

ఇద్దరికీ పిల్లలు లేరు. సాలెల ఐలేశం ఇంట్లో, వీధివైపున్న ముందర అర్రలో పాతికేళ్ళుగా కిరాయికి ఉంటున్నారు. ఐలేశం కొడుకులు సిద్దిరాములు, పరమేశ్వర్ ఆ అర్ర గడపమీదే ఎక్కాలు నేర్చారు, అక్కడే చెవులు మెలిపెట్టించుకున్నారు. అర్రకు ఇంత పెద్ద కిటికీ. ఆ కిటికీ ముందునుంచి పోయేవాడెవడూ "సలాం సార్" అనకుండా పోడు. గోడల్లో గూళ్ళు, గూళ్ళ నిండా పుస్తకాలు. ఆ ఇంటి మొత్తానికి తాళం వేసే తలుపు కూడా ఆ అర్రదొక్కటే. మిగతా ఇల్లంతా ఎవరెటు తిరిగినా అడిగేవాళ్ళు లేరు. "గీ అర్రలకెళ్లి నేను బయటికి పోయేది ఒక్కసారే, అది గూడ నలుగురి భుజాల మీద" అని మాస్టారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "ముందుగాల గా పుస్తకాలు పోవాలె. లేకుంటే నలుగురికి నిలవడ జాగ యాడున్నది?" అని బేగం ప్రతిసారీ అందించేది.

ఐలేశం పోయాక ఆయన చాయ్ తాగే స్టీలు గిలాసను ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. పక్కన చుక్కల అక్షరాలతో 'ఐలేశం' అని పేరు కొట్టించిన గిలాస అది. మాసికం అయిన మర్నాడు పెద్దకోడలు శారదమ్మ సాయంత్రం చాయ్ అందులోనే పోసి తెచ్చి మాస్టారి చేతికిచ్చింది. ఆనాటినుంచి అది సార్ గిలాస అయిపోయింది, వాళ్ళ గిన్నెలతో పాటు తోముకుని వాళ్ళ అలమారులోనే ఉండేది.

అట్లా నడుస్తున్న ఇంట్లో 1999 ఉగాది పోయిన వారానికి రెండు యుద్ధాలు ఒక్కసారే మొదలయ్యాయి. ఒకటి పేపర్లో. బెల్‌గ్రేడ్ మీద విమానాలు బాంబులు వేస్తున్నాయని పెద్దక్షరాలతో పడింది. మాస్టారు ఆ పేపరు పట్టుకుని హోటల్ బెంచీ ఎక్కినంత పని చేశాడు. ఇన్నేళ్ళూ తనను చూసి నవ్విన ఊరు ఇప్పుడు పుస్తకాల్లో బొమ్మలకు మీసాలు గీసే వయసు పిల్లలతో సహా చుట్టూ చేరి, "ఏమైంది సార్ మీ ఊర్ల?" అని అడుగుతుంటే ఆయనకు ఒక కంట సంతోషం, ఒక కంట నీళ్ళు. "పాపం, మల్ల దానికే వచ్చిందిరా" అన్నాడు. బెల్‌గ్రేడ్ ఆయనకు నిజంగానే చుట్టాల ఊరు.

రెండో యుద్ధం ఇంట్లో. దాని సంగతి చెప్పాలంటే ముందు గుంత సంగతి చెప్పాలి. సాలెవాళ్ళు నేలలో గుంత తవ్వి అందులో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తారు. మగ్గాన్ని విప్పి ఎటైనా మోసుకుపోవచ్చు. గుంతను మోసుకుపోయిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఐలేశం ఇంట్లో మగ్గాలుండే పెద్దసాలలో రెండు గుంతలున్నాయి. ఒకటి తూర్పు కిటికీ కింద, ఐలేశం తన చేతులతో తవ్వుకున్నది. పొద్దెక్కిన దగ్గరనుంచి వెలుతురు దారాల మీదే పడుతుంది. రెండోది వెనక మూలన, పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి. తండ్రి గుంతలో పెద్దవాడు సిద్దిరాములు కూర్చున్నాడు. మూలగుంత చిన్నవాడు పరమేశ్వర్‌కు వచ్చింది. ఏళ్ళ తరబడి చీకట్లో పోగులు చూసి చూసి అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది.

పరమేశ్వర్ పెళ్ళాం గుర్వమ్మ ఊరుకునే మనిషి కాదు. "బాపు గుంత అందరిది. ఒక్కని తాతజాగీరా?" అంది. శారదమ్మ అంతకంటే ఊరుకోదు. "పెద్దోనికి వచ్చింది పెద్దోనిదే" అంది. యారాండ్లు ఇద్దరూ మాట మీద మాట పెంచుకుంటూ పోయి, ఇల్లు పంచుకుందాం అనేదాకా తెచ్చారు.

ఆ మాట గోడ అవతలినుంచి విన్న లాడ్లీ బేగం వక్క కత్తిరించడం ఆపింది. "మాస్టర్ సాబ్, ఇన్నరా? ఇల్లు రెండైతే ఎవరి పాలుకు జాగ సాలదు. ముందుగాల మూట గట్టేది మనమే."

మాస్టారు గూళ్ళ వైపు చూశాడు. ఈ వయసులో ఈ పుస్తకాలతో, ఈ మోకాళ్ళతో ఎక్కడికని పోతాడు? అంతకంటే పెద్ద భయం, ఈ కిటికీ లేకపోతే తనకు సలాం కొట్టేదెవరు? కానీ పైకి మాత్రం "నువ్వు ఫికర్ జెయ్యకు బేగం. ఇల్లు పంచుకోనియ్య. లడాయిల వల్ల ఏం రాదని చరిత్రనే చెప్తది" అన్నాడు.

"చరిత్ర చెప్పదు. మీరు చెప్తరు. గదే నా ఫికర్" అందామె.

ఆ సాయంత్రంనుంచి అరుగుమీద కచేరి మొదలైంది. మాస్టారు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గుర్వమ్మ గుమ్మంలో ఆసు పోస్తూ ఉండేది. మేకుల చుట్టూ నూలు తిప్పడానికి ఆ చెయ్యి అటూ ఇటూ పొద్దంతా ఆడాల్సిందే. భుజం నొప్పి మరిచిపోవడానికి ఆమెకు కథ కావాలి. శారదమ్మ బియ్యం చాటతో ఇంకోవైపు. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెరో మెట్టుమీద. మాట్లాడుకోరు గానీ కథ మాత్రం ఇద్దరికీ కావాలి.

"ఇనుండ్రి. రెండు నదులు, డాన్యూబు, సావా. అవి కలిసే కాడ గుట్ట, గుట్ట మీద కోట. ఎవనికైనా గా కోటనే గావాలె. కోట లోపల టర్కీ సుల్తాన్ ఫౌజున్నది. బయటికెళ్లి ఆస్ట్రియా సేనాపతి యూజీన్ వచ్చి చుట్టుముట్టిండు. గింతల సుల్తాన్ ఇంకింత పెద్ద ఫౌజును పంపిండు. అది వచ్చి యూజీన్‌నే చుట్టుముట్టింది. చుట్టుముట్టినోన్నే చుట్టుముట్టిన్రు!"

"ఇగ సచ్చిండు" అన్నాడు పరమేశ్వర్.

"యాడ సచ్చిండు! తెల్లారంగ మంచు గమ్మింది. చెయ్యి చాపితే చెయ్యి కనవడదు. గా మంచుల ఉరికి పెద్ద ఫౌజును చెల్లాచెదురు జేసిండు. కోట చేతికొచ్చింది." మాస్టారు ఊపిరి పీల్చుకుని, అసలు సంగతికి వచ్చాడు. "అయితే ఏమాయె? ఇరవై రెండేండ్లకు ఒక్క సంతకంతోని గా ఊరు మల్ల సుల్తాన్‌కే పాయె. గంతమంది ఎందుకు సచ్చినట్టు? ఆలోచన జెయ్యుండ్రి."

లోపలినుంచి లాడ్లీ బేగం గొంతు వచ్చింది. "గది సరే మాస్టర్ సాబ్. గీ రాజు పాయె, గా రాజు వచ్చె. గా ఊర్ల కిరాయికున్నోళ్లు యాడికి పోయిన్రు?"

అందరూ నవ్వారు. మాస్టారు చిన్నబుచ్చుకున్నాడు. "కిరాయికుండెటోళ్ల గురించి చరిత్రల రాయరు బేగం."

"గందుకే అడుగుతున్న."

ఆలోచన చెయ్యమన్నాడు కదా మాస్టారు, గుర్వమ్మ చేసింది. ఆ వారంలోనే ఒకనాడు పొద్దున సిద్దిరాములు నేసిన చీరలు కోసి మగ్గం ఖాళీ చేశాడు. కొత్త పడుగు ఎక్కించేముందు ఒక చాయ్ తాగొద్దామని హోటల్‌కు నడిచాడు. అటు అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఇటు దొడ్లో రంగు కాచే కాగు కింద గుర్వమ్మ పచ్చి తుమ్మకట్టెలు కుక్కింది. ఇంటినిండా పొగ కమ్ముకుంది. శారదమ్మ దగ్గుకుంటూ కళ్ళు నలుపుకుంటూ వీధిలోకి పరుగెత్తింది. మాస్టారు కిటికీ మూసి, తెరిచి, చివరికి తనూ కండువా ముక్కుకడ్డం పెట్టుకుని బయటపడ్డాడు. పొగ విడిచాక చూస్తే ఏముంది, ఐలేశం గుంతలో పరమేశ్వర్ కూర్చుని ఉన్నాడు. మగ్గానికి అతని పడుగు ఎక్కి ఉంది.

సిద్దిరాములు వచ్చి చూసి కొయ్యబారిపోయాడు. ఏం చేస్తాడు? ఎక్కిన పడుగును తెంపడం సాలె పుట్టుక పుట్టినవాడు చేసే పని కాదు. పగవాడిదైనా సరే, నేసి కోసేదాకా ఆగాల్సిందే. ఆ సంగతి గుర్వమ్మకు బాగా తెలుసు. సిద్దిరాములు గిర్రున మాస్టారి వైపు తిరిగి, "మంచు కథ చెప్పింది మీరే గద సార్?" అన్నాడు.

"నేను చెప్పింది లడాయి వద్దనిరా!"

"లడాయి వద్దనెటోళ్లు ఎట్ల గెలిచిన్రో చెప్పొద్దు" అంది లాడ్లీ బేగం, మంచం కింద గిన్నెలు లెక్కచూసుకుంటూ. ఆమె అప్పుడే సర్దుకోవడం మొదలుపెట్టింది.

తగువు కులపెద్ద దుర్గయ్య దగ్గరికి పోయింది. పెద్దవాడు కూర్చున్న జాగ పెద్దవాడిదే, ఈ పడుగు కాగానే చిన్నవాడు లేవాలి అని ఆయన తీర్పు చెప్పాడు. పరమేశ్వర్ సరేనన్నాడు. కానీ పడుగు అయ్యేదాకా పట్టిన నెలన్నరలో అతను ఆ గుంతను ముద్దు చేశాడు. చుట్టూ సిమెంటు పూశాడు, అంచులకు షాబాదు బండలు వేశాడు, కూర్చునే చోట చెక్క బిగించాడు. మనిషి కళ్ళల్లో నీళ్ళు కారడం కూడా ఆగింది. లేవాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ అతని ముఖం వాడిపోవడం మాస్టారు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

కొట్లాట లేకుండా అప్పజెప్పడం ఎంత గొప్పో పిల్లవాడికి చెప్పాలనుకున్నాడు. ఆ సాయంత్రం కథ మళ్ళీ ఎత్తాడు. "మొన్న సంతకం అన్న గద. ఆస్ట్రియావోళ్లు ఒక్క తుపాకి పేల్చకుంట బెల్‌గ్రేడ్‌ను సుల్తాన్‌కు అప్పజెప్పిన్రు. ఒప్పుకున్న మాటకు నిలవడ్డరు. గదీ మర్దానా తనం." అక్కడ ఆపాల్సింది. ఆపాడా? తెలిసిన ముక్కను మింగడం ఏ మాస్టారికి చేతనయింది గనుక ఈయనకు చేతనవుతుంది! "అయితే ఒకటున్నదిరో. పొయ్యేటప్పుడు వాళ్లు కొత్తగ కట్టిన గోడలన్ని వాళ్లే కూలగొట్టి పోయిన్రు."

పరమేశ్వర్ తలెత్తి చూశాడు. తలుపు దగ్గర లాడ్లీ బేగం నుదురు కొట్టుకుంది.

చివరి చీర కోసిన రోజు పరమేశ్వర్ గడ్డపార తీసుకుని గుంత దగ్గరికి పోయాడు. "అన్న గుంత అన్నకు. నేను పెట్టింది నాకు" అని బండలు పీకాడు, సిమెంటు రాల్చాడు. సిమెంటు మట్టిని పట్టుకుని ఉంది, మట్టి సిమెంటుతోపాటు వచ్చింది. ఐలేశం తవ్విన గుంత ఒక పక్క గోడ మొత్తం దబ్బున లోపలికి కూలింది. ఆ చప్పుడుకు ఇంటిల్లిపాదీ వచ్చారు. గుంతలో మన్నూ రాళ్ళూ తప్ప ఏమీ లేవు. పరమేశ్వర్ గడ్డపార పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తండ్రి గుంతను కూల్చాలని అతను అనుకోలేదు. సిద్దిరాములు అంచున చతికిలబడి, పిడికెడు మన్ను తీసి చేతిలో పెట్టుకుని ఏడ్చాడు.

ఆనాడే పొయ్యిలు రెండయ్యాయి. రేప్పొద్దున వచ్చి పాళ్ళు వేయిస్తానని దుర్గయ్య కబురు పంపాడు. పద్ధతి అందరికీ తెలిసిందే, పెద్దోడు పంచాలి, చిన్నోడు ఏరుకోవాలి.

మాస్టారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. "నా నోరే బేగం. అంతా నా నోరే. గా గుంత కూలింది నావల్ల" అన్నాడు. ఆమె ఎప్పటిలా ఎగతాళి చేయలేదు. పళ్ళెంలో ఇంకాస్త పప్పు వేసి, "నోటితోని పోయింది నోటితోనే తేవాలె. గెలిచిన కథలు సాలు గని, ఇచ్చిన కథ ఏదన్న లేదా మీ ఊర్ల?" అంది.

ఉంది. మాస్టారు పళ్ళెం ముందు నిటారుగా కూర్చున్నాడు.

సాయంత్రం అరుగుమీదికి ఎవరూ రాలేదు. ఆయనే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టాడు. "ఇది ఆఖరి కథ. ఇది ఇన్నంక మీ ఇష్టం" అన్నాడు. "బెల్‌గ్రేడ్ కోటల సుల్తాన్ పంపిన అధికారి, పాషా అంటరు, కూసున్నడు. కింద ఊరంత సెర్బులది, అంటే గా దేశపోళ్లది. కోట మీదికెళ్లి ఫిరంగులు ఊరు దిక్కే చూస్తున్నయి. ఇంకో లడాయి కావాల్సిందే అని అందరనుకున్నరు. కాలే. ఒకనాడు పొద్దుగాల పాషా బయటికొచ్చిండు. అందరు చూస్తుండంగ, మఖ్మల్ దిండు మీద కోట చాబీలు వెట్టి సెర్బుల రాజు చేతుల వెట్టిండు. ఇన్ని వందలేండ్ల లడాయిల ఫిరంగులతోని కానిది, గా ఒక్క దిండుతోని అయింది. గెలిచినోళ్ల పేర్లు నేను మీకు బడిల చెప్పిన, ఒక్కటన్న యాదికున్నదా? ఇచ్చినోన్ని మాత్రం మీరు మరువరు, చూసుకోండ్రి."

నిజానికి దిండు ఉందో లేదో మాస్టారికి తెలియదు. తాళంచెవులు ఇవ్వడం వరకు ఆయన చదివాడు. ఉత్తచేత్తో ఇచ్చాడంటే బాగుండదని మఖ్మల్ దిండు తనే వేశాడు. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. శారదమ్మ చాట కింద పెట్టింది. గుర్వమ్మ చెయ్యి ఆసు మీద ఆగిపోయింది.

మర్నాడు పొద్దున దుర్గయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. సిద్దిరాములు గొంతు సవరించుకుని పంచాడు. "బాపు గుంత, లోపటి అర్రలు ఒక పాలు. మూలగుంత, దొడ్డి, ముందర అర్ర ఒక పాలు. ఏరుకో తమ్మీ." ముందర అర్ర అనగానే, ఆ అర్ర గుమ్మంలో నిలబడిన మాస్టారు ద్వారబంధం పట్టుకున్నాడు.

పరమేశ్వర్ అన్న ముందుకు వచ్చాడు. "నువ్వు పంచింది నాకొద్దన్నా" అన్నాడు. "ఏరుకొమ్మన్నవు గద. నేను నిన్ను ఏరుకుంటున్న. బాపు గుంత నువ్వే ఉంచుకో. నేనే మన్ను దెచ్చి మంచిగ జేస్త."

సిద్దిరాములు లేచి తమ్ముణ్ణి పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ మీసాలొచ్చిన సంగతి మరిచిపోయి ఏడ్చారు. శారదమ్మ పోయి గుర్వమ్మ పొయ్యిమీది గిన్నె తెచ్చి తన పొయ్యిమీద పెట్టింది. దుర్గయ్య తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇక మాస్టారి సంగతి చెప్పక్కరలేదు. చరిత్ర చెప్పి మనుషులను మార్చాడు! ఇల్లు నిలిచింది, అర్ర నిలిచింది, తను నిలిచాడు. లాడ్లీ బేగం వైపు తిరిగి, చూశావా అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

అప్పుడే సిద్దిరాములు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "ఇగ ఇల్లు పంచేది లేదు. ఒక్క పొయ్యి, ఒక్క ఇల్లు. అయితే తమ్ముడు మల్ల గా చీకట్ల కూసుంటే వాని కండ్లు పోతయి. వానికి వెలుతురున్న జాగ గావాలె. గుంత కొత్తది తవ్వుకుందుము గని, వెలుతురు తవ్వితే వస్తదా?"

అందరి చూపులూ ఆ ఇంట్లో ఉన్న రెండో పెద్ద కిటికీ, ముందర అర్ర కిటికీ, వైపు తిరిగాయి. చటుక్కున మళ్ళీ నేలకు దిగిపోయాయి. ఆ అర్ర గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడు. ఇంటి మొత్తంలో ఉన్న ఒకే ఒక్క తాళంచెవి ఆయన జేబులో ఉంది.

మొదట నవ్వింది లాడ్లీ బేగమే. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వు చివర్లో ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం మాస్టారొక్కడే చూశాడు.

సిద్దిరాములు కంగారుపడ్డాడు. "సార్, మిమ్ముల పొమ్మంటలేను. మీరు వద్దంటే గీ మాట ఈడనే బొందవెడ్త. బాపు ఉన్నప్పటికెళ్లి ఉన్నరు. మీరు ఊ అంటేనే."

వద్దు అంటే సరిపోయేది. ఆ పిల్లలు మాట తప్పే రకం కాదు. పరమేశ్వర్ మూలగుంతలో బల్బు కింద కూర్చుంటాడు, తను కిటికీ దగ్గర కూర్చుని సలాములు తీసుకుంటాడు. కొన్నాళ్ళకు గుర్వమ్మ మళ్ళీ పచ్చికట్టెలు వెతుక్కుంటుంది. మాస్టారు పరమేశ్వర్ ముఖం చూశాడు. ఏడ్చి ఎర్రబడి, ఇంకా నీళ్ళు కారుతున్న ఆ కళ్ళకే ఆయన ఒకప్పుడు గడపమీద కూర్చోబెట్టి అక్షరాలు చూపించాడు. అర్ర కావాలి, చాలా కావాలి.

"ఊ" అన్నాడు.

"గిప్పుడే గాదు సార్" అంది శారదమ్మ గబగబా. "అధికమాసం నడుస్తాంది. ఇల్లు మారొద్దు. నిజజ్యేష్ఠం రానియ్యుండ్రి."

ఆ గడువు కాలంలో పేపర్లో బెల్‌గ్రేడ్ లోపలి పేజీలకు పోయింది, మొదటి పేజీ అంతా కార్గిల్ అయింది. బెల్‌గ్రేడ్‌లో బాంబులు ఆగాయన్న వార్త ఒక మూలన పడింది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఆయనకు అర్ర దొరికింది, రెండు సందుల అవతల ఖుద్దూస్ ఇంట్లో. దానికీ కిటికీ ఉంది, తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది.

పోయే రోజు పుస్తకాల కట్టలు అన్నదమ్ములే నెత్తిన పెట్టుకుని మోశారు. అర్ర ఖాళీ అయ్యాక మాస్టారు తలుపుకు తాళం వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలియదు, అలవాటు. జేబులో చెయ్యి పెట్టి చెవి తీసి ఇవ్వబోతే, గుర్వమ్మ "ఆగుండ్రి సార్!" అని లోపలికి పరుగెత్తింది. ఆమె తిరిగి వచ్చేసరికి చేతిలో ఒక చిన్న దిండుంది, దానిమీద కొత్త పట్టుగుడ్డ కప్పి ఉంది. నేసిన చీరలోంచి కోసిన ముక్క, ఎర్రంచుది. "మఖ్మల్ దొరకలే. మా దగ్గర పట్టే ఉన్నది" అంది, దిండు రెండు చేతులతో పట్టుకుని.

మాస్టారు ఆ దిండును చూశాడు. తను అబద్ధంగా వేసిన దిండు నిజంగా తన ముందుకొచ్చి నిలబడింది. తాళంచెవిని దానిమీద పెట్టాడు.

"చాబి ఇచ్చినంక గా పాషా యాడికి పోయిండు సార్?" అని పరమేశ్వర్ మెల్లగా అడిగాడు.

మాస్టారు నోరు తెరిచేలోపు లాడ్లీ బేగం అందుకుంది. "పెండ్లాన్ని ఎనుకేస్కొని, గిన్నెలు నెత్తినపెట్టుకొని, రెండు సందుల అవతలికి పోయిండు. గీ ముక్క చరిత్రల రాయరు. నేను చెప్తున్న, ఇనుకోండ్రి." శారదమ్మ "ఆపా" అని, సొంత అక్కను పట్టుకున్నట్టు ఆమెను పట్టుకుని బోరుమంది. బేగం ఆమె వీపు నిమురుతూ తనూ ఏడ్చేసింది, ఏడుస్తూనే గిన్నెల మూట ఎవరి దగ్గరుందో కనిపెట్టుకుంది.

ఆ తర్వాత మాస్టారు చాలా రోజులు అటువైపు పోలేదు. పోవడానికి ఏమడ్డం? ఏమీ లేదు. కబురు మీద కబురు వచ్చింది, మోకాళ్ళని ఒకసారి, ఎండని ఒకసారి చెప్పి పంపాడు. కిటికీ తెరిచి పక్కింటి గోడను చూస్తూ కూర్చునేవాడు. గోడ సలాం కొట్టదు కదా. చివరికి బేగమే చెప్పులు తెచ్చి కాళ్ళముందు పడేసింది. "పోయి చూసి రాండ్రి బెల్‌గ్రేడ్ ఏమైందో. నా నెత్తి తినకుండ్రి."

పోయాడు. వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. ముందర అర్ర కిటికీలోంచి పరమేశ్వర్ తల కనిపించింది. వెలుతురు అతని చేతుల మీద పడుతోంది, కళ్ళు తేటగా ఉన్నాయి. "అన్నా, సార్ వచ్చిండు!" అని అరిచాడు. పెద్దసాలలో తండ్రి గుంతకు కొత్త మన్ను మెత్తారు, అందులోంచి సిద్దిరాములు లేచి వచ్చాడు. ఇల్లంతా ఒక్కసారి హడావుడి అయింది. లోపలినుంచి కుర్చీ తెచ్చి అరుగుమీద వేశారు. సిద్దిరాములు దాన్ని తువ్వాలతో తుడిచి మరీ కూర్చోబెట్టాడు. కాసేపటికి శారదమ్మ చాయ్ తెచ్చింది. పూలపూల కప్పు, కింద సాసరు, సాసరులో రెండు బిస్కెట్లు. చుట్టాలొచ్చినప్పుడు తీసే కప్పు అది.

మాస్టారు ఆ కప్పును చూస్తూ ఉండిపోయాడు. పాతికేళ్ళు ఇదే అరుగుమీద నేలమీద కూర్చున్నాడు, ఎవరూ కుర్చీ వేయలేదు. అర్ర పోయినప్పుడు కూడా ఇంత బాధ కాలేదు. ఇప్పుడు తెలిసింది, తను ఈ ఇంటికి వచ్చిపోయే మనిషి అయ్యాడని.

"శారదమ్మా" అన్నాడు. "గీ కప్పు తీస్కపో బిడ్డా. నా గిలాస తే."

శారదమ్మ ఒక్క క్షణం అర్థంకానట్టు చూసింది. తర్వాత కప్పు అందుకుని లోపలికి పోయింది. అలమారులో గిన్నెలు కదిలిన చప్పుడైంది. మాస్టారు కుర్చీలోంచి లేచి, దాన్ని పక్కకు జరిపి, ఎప్పటి చోట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. స్టీలు గిలాస వచ్చింది, చుక్కల అక్షరాలు ఆయన బొటనవేలి కిందికే వచ్చాయి. గుర్వమ్మ ఆసు ముందేసుకుని గుమ్మంలో కూర్చుంది.

"చెప్పుండ్రి సార్. చాబి ఇచ్చి పోయిన పాషా మల్ల గా ఊరికి వచ్చిండా?"

"రాలేదనే పుస్తకాలల్ల ఉన్నది" అన్నాడు మాస్టారు, చాయ్ ఊదుకుంటూ. "పుస్తకాలకేం ఎరుక!"